తనిఖీ రోజు పంతులు

ఆ రోజు పొద్దున ఆకాశం వానకి సిద్ధపడి, మళ్ళీ మనసు మార్చుకున్నట్టుంది. కొండ నెత్తిన మబ్బు దిగింది గాని చినుకు లేదు. తూర్పున ఒక్కచోట, అరిగిన గుడ్డలోంచి వెలుతురు కనిపించినట్టు, కాస్త తెల్లగా ఉంది. దర్జీ గడపలో నిలబడి చాలాసేపు పైకి చూశాడు. వాన పడితే వాగు పొంగుతుంది. వాగు పొంగితే జీపు రాదు. జీపు రాకపోతే ఈ రోజు గండం గడిచిపోతుంది.

వాన పడలేదు.

"చూసింది చాల్లే. నువ్వు చూస్తే కురుస్తుందా?" అంది భార్య లోపల్నించి. "ఇస్త్రీపెట్టెలో నిప్పులు వేశాను. చల్లారకముందే ఆ చొక్కా సంగతి చూడు. నేను బడికి పోవాలి, ఎసరు పెట్టాలి."

ఆమె బడిలో పిల్లలకి మధ్యాహ్నం అన్నం వండుతుంది. చొక్కా దర్జీది. తెల్లటి, నిండు చేతుల చొక్కా. తనే కుట్టుకున్నాడు. ఏడాది పొడుగునా పెట్టెలోనే ఉంటుంది. బడి తనిఖీకి ఆఫీసరు వచ్చే రోజున మాత్రం బయటికొస్తుంది. ఆ రోజు దర్జీ దర్జీ కాదు. పంతులు.

ఇదెలా మొదలైందో ఊళ్ళో అందరికీ తెలుసు. ఒకప్పుడు ఆ ఒంటిగది బడికి నిజం పంతులే ఉండేవాడు. సెలవు పెట్టి వెళ్ళి, సెలవులోనే ఉండిపోయాడు. ఊరివాళ్ళు ఆఫీసు చుట్టూ తిరిగారు. చూస్తామన్నారు. అంతలో ఎవరో చెప్పారు, పంతులు లేని బళ్ళని మూసేసి పక్క ఊరి బడిలో కలిపేస్తున్నారని. పక్క ఊరు వాగుకి అవతల. ఆ వాగు అంతకు ముందు వానాకాలంలోనే ఒక పిల్లని తీసుకుపోయింది. సరిగ్గా అప్పుడు తనిఖీకి వస్తున్నట్టు కబురందింది. ఊరిపెద్ద తల పట్టుకుని కూచుని, ఊళ్ళో సంతకం పెట్టడం వచ్చి, మడత నలగని చొక్కా ఉన్నవాడెవడా అని వెతికాడు. దర్జీ ఒక్కడే తేలాడు.

"ఒక్క రోజే కదరా," అన్నాడు ఊరిపెద్ద. "పెళ్ళికొడుకు రాకపోతే కాసేపు పీట మీద కూచున్నట్టు. నిన్ను కాపురం చెయ్యమంటున్నామా?"

ఆ ఒక్క రోజు ఏళ్ళు నడిచింది. అబద్ధమే అయినా ఊరు దాన్ని శ్రద్ధగా ఆడింది. తల్లులు పొద్దున్నే పిల్లలకి తలలు దువ్వేవాళ్ళు. ఇంటి దగ్గర బాబాయ్ అనీ మావయ్య అనీ పిలిచే మనిషిని బళ్ళో సార్ అనాలని నేర్పేవాళ్ళు. ఒకసారి ఒక చిన్నది లేచి "నమస్తే బాబాయ్ సార్" అంది. ఆఫీసరు నవ్వి ఊరుకున్నాడు. ఊరు ఊపిరి పీల్చుకుంది.

బడి నిలబడింది. అన్నం నిలబడింది. పంతులు మాత్రం రాలేదు. మళ్ళీ ఆఫీసుకి వెళ్ళి అడిగితే గుమాస్తా కాగితాలు తిరగేసి, "మీ ఊళ్ళో పంతులున్నాడుగా. బాగా చెప్తున్నాడని కూడా రాసుంది," అన్నాడు. వెళ్ళినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తాము తీసిన గోతిలో తామే పడ్డారు. లేడని చెబితే ఇన్నాళ్ళ అబద్ధం బయటపడుతుంది. ఉన్నాడంటే లేని పంతులు ఉన్నట్టే.

దర్జీ కొడుకు ఆ బళ్ళోనే ఐదు పాసయ్యాడు. కాగితం మీద. తండ్రి వాణ్ణి వెంటబెట్టుకుని పట్నంలో పెద్దబడికి తీసుకెళ్ళాడు. అక్కడి హెడ్మాస్టరు పుస్తకం తీసి చదవమన్నాడు. వాడు గీత కింద వేలు పెట్టి, అక్షరం అక్షరం తడుముకున్నాడు.

"ఐదు పాసయ్యావని ఉందే. ఎవర్రా నీ పంతులు?" అన్నాడు హెడ్మాస్టరు.

వాడు తండ్రి వైపు చూశాడు. తండ్రి నేల వైపు చూశాడు. తిరిగొచ్చే బస్సులో తండ్రి పక్క సీటు ఖాళీగా ఉన్నా వాడు వెళ్ళి వెనక కూచున్నాడు. ఆ తర్వాత మిషను దగ్గర చేరాడు. కాజాలు కుట్టడంలో వాడి చెయ్యి తండ్రి చేతిని మించింది. చదువు మాట మాత్రం తండ్రి దగ్గర ఇంకెప్పుడూ ఎత్తలేదు.

మీసం వచ్చాక వాడికి చదువొచ్చింది. నేర్పింది తండ్రి కాదు, బడి కాదు. ఒకాయన.

ఆయన పొద్దు వాలే వేళకి కొండ దిగి వచ్చేవాడు. బక్కపలచటి మనిషి. తెగిన చెప్పుకి ఇనప తీగ చుట్టి ఉండేది. పేరు చెప్పలేదు, ఎవరూ అడగలేదు. సాయంత్రం సారు అనేవాళ్ళు. బడి అరుగు మీద కూచుని చిన్నాపెద్దా అందరికీ అక్షరాలు చెప్పేవాడు. ఒకడికి రాకపోతే విసుక్కునేవాడు కాదు. రాళ్ళు పేర్చి, కూడికలు చేయించేవాడు. మంచినీళ్ళు తప్ప ఏమీ తాగేవాడు కాదు. ఒక్క వానాకాలం తిరిగేసరికి దర్జీ కొడుకు పాత పేపరు ముక్కలు గడగడా చదువుతున్నాడు. సరుకులు చుట్టి తెచ్చిన కాగితాన్ని కూడా వదిలేవాడు కాదు.

చదువు వచ్చినవాళ్ళని సాయంత్రం సారు ప్రశ్నలడిగేవాడు. రోడ్డు ఎక్కడ దాకా వచ్చి ఆగింది? ఎందుకు ఆగింది? ఆసుపత్రికి ఎంత దూరం? పురుడొస్తే ఎలా తీసుకెళ్తారు? జవాబులు అందరికీ తెలిసినవే. ప్రశ్నలే ఇంతకు ముందు ఎవరూ అడగలేదు. ఒక్కో సీజనుకి ఒకరిద్దరు కుర్రాళ్ళు ఆయన వెంట కొండెక్కి, దిగలేదు.

"ఆయన చెప్పేదాంట్లో తప్పేముంది?" అని భార్య ఒకసారి అడిగింది.

"తప్పేం లేదు. కొలతలన్నీ సరిగ్గానే తీస్తున్నాడు," అన్నాడు దర్జీ దారం పంటితో తెంపుతూ. "కుట్టేదే శవం మీద కప్పే గుడ్డ."

ఇప్పుడు, తనిఖీ పొద్దున, దర్జీ ఇస్త్రీపెట్టె ఎత్తి చొక్కా కాలరు మీద ఆనించాడు. కొడుకు గోడవారన కూచుని ఎవరిదో జాకెట్టుకి కాజా కుడుతున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు.

"నాన్నా, ఈసారి నిజం చెప్పెయ్."

"ఏం నిజం?"

"ఈ బడికి పంతులు లేడని. నువ్వు పంతులువి కాదని. నీ నోటితో చెప్పు."

ఇస్త్రీపెట్టె ఆగింది. కాలిపోతుందని గుర్తొచ్చి మళ్ళీ కదిలింది.

"సాయంత్రం సారు చెప్పమన్నాడా?"

"ఆయన ఎందుకు చెప్పమంటాడు? ఆఫీసులవాళ్ళకి చెవులుండవు, ఎవరు చెప్పినా వినరు అంటాడు. నేనే ఒప్పుకోలేదు. మా నాన్న చెప్తే వింటారు అన్నాను." సూది దిగబడింది, లేచింది. "నన్ను రమ్మన్నాడు. ఇవాళ చూసి చెప్తానన్నాను. నువ్వు చెప్పి, ఆఫీసరు రాసుకుని వెళ్తే నేనెక్కడికీ పోను. ఇదే మిషను తొక్కుతా. నువ్వు తిట్టినా తొక్కుతా."

"చెప్పకపోతే?"

కొడుకు కాజా ముడి వేసి, దారం కత్తిరించాడు. ఆ కత్తెర చప్పుడే జవాబు.

"చెప్తాను," అన్నాడు దర్జీ.

"మరి ఆ చొక్కా ఎందుకు?"

"ఆఫీసరుతో మాట్లాడాలంటే ఒంటి మీద గుడ్డుండాలి కదరా. బనీనుతో చెబితే నిజాన్ని కూడా బయట నిలబెడతారు."

కొడుకు నవ్వాడు. చాన్నాళ్ళకి నవ్వాడు. ఆ నవ్వు చూసి భార్య వంటకి బియ్యం కొలవడం కూడా మర్చిపోయి గుమ్మంలో నిలబడింది.

ఊరిపెద్ద వచ్చేసరికి దర్జీ బొత్తాలు పెట్టుకుంటున్నాడు. సంగతి విని అరుగు మీద కూలబడ్డాడు.

"చెప్పరా, చెప్పు. నీకేం, హరిశ్చంద్రుడివి. చెప్పేసి, అటు నుంచి అటే ఆ పిల్లల చేతుల్లో కంచాలు కూడా నువ్వే లాక్కుని రా."

"నా కొడుకు పోతాడు పెద్దాయనా."

ఊరిపెద్ద తమ్ముడి కొడుకు అంతకు ముందే కొండెక్కాడు. కాసేపు తువ్వాలు అంచు మెలిపెడుతూ కూచుని, "నీ ఇష్టం," అని లేచాడు.

జీపు మధ్యాహ్నానికి ముందే వచ్చింది. ముందు డ్రైవరు దిగాడు. లావుపాటి మనిషి. దిగుతూనే రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, గోడకి వీపు ఆనించి నిలబడ్డాడు.

"పంతులుగారూ, నమస్కారం. ఈ ఊళ్ళో దర్జీ ఎవరైనా ఉన్నాడా? వాగులో జీపు తోస్తుంటే ప్యాంటు నన్ను వదిలేసింది. ఇక్కణ్ణించి కదిలితే నా పరువు మీ ఊరు పాలు."

పిల్లలు కిసుక్కుమన్నారు. దర్జీ చెయ్యి అలవాటుగా జేబులో టేపు కోసం వెళ్ళి, జేబులో ఏమీ లేక ఆగింది. ఊరిపెద్ద దగ్గాడు.

"దర్జీ ఊళ్ళో లేడండి. వాళ్ళబ్బాయి ఉన్నాడు."

ఇంట్లో కొడుకు మిషను బడి వైపు కిటికీ దగ్గరికి జరిపి కూచున్నాడు. డ్రైవరు దుప్పటి చుట్టుకుని, పెళ్ళికూతురిలా ముడుచుకుని పక్కన కూచున్నాడు. పిల్లలు కిటికీలోంచి తొంగి చూస్తే, "ఏంట్రా, మీ ఊళ్ళో సినిమాహాలు లేదా?" అని కసిరి, దుప్పటి కిందనుంచి పిప్పరమెంటు బిళ్ళలు తీసి పంచాడు. ప్రతి తనిఖీకి ఆయన జేబులో బిళ్ళలుంటాయి.

"చెయ్యి బాగుందిరా అబ్బాయ్," అన్నాడు కుట్టు చూసి. "నా ఒడ్డూ పొడుగూ చూసి అదనంగా గుడ్డ కూడా వేశావు. మా ఆవిడ ఇన్నేళ్ళలో నా గురించి అంత ముందుచూపు చూడలేదు. పట్నం వచ్చెయ్. మా వీధి చివర గది ఖాళీగా ఉంది. నేను మాట్లాడతా."

"చూద్దామండి," అన్నాడు వాడు. వాడి చూపు బడి వైపే ఉంది.

బళ్ళో ఆఫీసరు కుర్చీలో కూచుని ఆయాసం తీర్చుకుంటున్నాడు. నెరిసిన మనిషి. ఆయనకి ఇంకెన్నో తనిఖీలు మిగిలి లేవని మొహమే చెప్తోంది. ఒక పిల్లని లేపి పుస్తకం ఇచ్చాడు. ఆ పిల్ల ఎక్కడా ఆగకుండా చదివింది. ఇంకొకణ్ణి లేపాడు. వాడూ చదివాడు. ఆఫీసరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"పట్నంలో కూడా ఇలా చదవడం లేదు. బాగా చెప్తున్నారు పంతులుగారూ."

దర్జీ చేతిలోని సుద్దముక్క కింద పెట్టాడు. ఆ మెచ్చుకోలు తనది కాదు. ఎవరిదో చెప్పడానికీ లేదు.

"నేను చెప్పలేదండి," అన్నాడు. "నేను పంతుల్ని కాదు. దర్జీని. ఈ బడికి పంతులు లేడు. వెళ్ళినాయన మళ్ళీ రాలేదు."

అన్నాక ఆయనకే ఆశ్చర్యమేసింది. ఇన్నేళ్ళుగా గుండెల మీద మోసిన బండ, దించితే అంత చప్పుడేమీ చెయ్యలేదు.

ఆఫీసరు పిల్లల్ని అన్నాలకి పంపించాడు. గది ఖాళీ అయ్యాక నెమ్మదిగా అన్నాడు. "తెలుసు."

"తెలుసా?"

"మొదటి ఏడాదే తెలుసు. పంతులు సుద్దముక్కని నిలబెట్టి పట్టుకుంటాడు. నువ్వు పడుకోబెట్టి, గుడ్డ మీద గీత గీసినట్టు గీస్తావు. నీ వేలు నిండా సూదిపోట్లు."

"మరి ఎందుకు రాయలేదండి?"

"రాస్తే మూసేస్తారు. అది నా చేతిలో లేదు. పంతులు లేడు అని రాస్తే పంతుల్ని పంపరు, బడిని తీసేస్తారు. వాళ్ళకి అది తేలిక." ఆయన కిటికీ వైపు చూశాడు. "ఊరికి నా చేతనైన మేలు చేస్తున్నాననుకున్నాను. మీరూ అదే అనుకున్నారు కదా."

"ఈసారికి రాయండి. నా కొడుకు కోసం రాయండి."

"నీ కొడుక్కేమైంది?"

దర్జీ నోరు తెరిచాడు. చెబితే సాయంత్రం సారు మాట వస్తుంది. ఆ మాట వస్తే పోలీసులొస్తారు. అరుగు మీద కూచుని చదువుకున్న ప్రతి పిల్లకీ పిల్లాడికీ లెక్క చెప్పాలి. నోరు మూసుకున్నాడు.

ఆఫీసరు పెన్ను మూత తీశాడు. "నువ్వు రాయమంటే రాస్తాను. నిజంగానే రాస్తాను. కాని ఆ అన్నం రేపటి నుంచి ఉండదు. ఆలోచించుకుని చెప్పు."

వరండాలో పిల్లలు వరసగా కూచున్నారు. దర్జీ భార్య గరిటెతో అన్నం పెడుతోంది. వరస చివర ఒక చిన్నవాడున్నాడు. వాడి తల్లి మంచాన పడింది. తండ్రి ఎక్కడో కూలికి పోయాడు. వాడు రోజంతటికీ ఆ ఒక్క కంచమే తింటాడని ఊరందరికీ తెలుసు. తన వంతు రాకముందే వాడు కంచంలో వేలుతో గీతలు గీసుకుంటున్నాడు.

దర్జీ చూస్తూ నిలబడ్డాడు. రాయండి అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. అక్కడే ఆగింది. ఆఫీసరు చాలాసేపు ఎదురు చూశాడు. తర్వాత తల వంచి ఏదో రాశాడు. పొట్టి వాక్యం. ఎప్పుడూ రాసేదే అయ్యుంటుంది.

దర్జీ ఇటు తిరిగేసరికి రెండో కిటికీ దగ్గర కొడుకు కనిపించాడు. కుట్టిన ప్యాంటు మడత పెట్టి చేతిలో పట్టుకుని ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. మొహంలో కోపం లేదు. తండ్రి బట్టకి కొలత తప్పుతుంటే చూసి, చెప్పలేక ఊరుకునే పనివాడి మొహంలా ఉంది.

కాసేపటికి డ్రైవరు ఆ ప్యాంటు తొడుక్కుని ఫోను పట్టుకుని లోపలికొచ్చాడు. "పంతులుగారూ, బోర్డు దగ్గర నిలబడండి. ఫోటో పైకి పంపాలి. కాస్త నవ్వండి సార్, జీతం కోసినట్టు పెట్టారు మొహం."

దర్జీ సుద్దముక్క తీసుకుని నిలబడ్డాడు. ఈసారి నిలబెట్టి పట్టుకున్నాడు.

జీపు వెళ్ళాక ఇంటికొస్తే మిషను మీద గుడ్డ కప్పి ఉంది. కాజాలు కుట్టిన జాకెట్టు మడత పెట్టి ఉంది. కొడుకు లేడు. పొద్దు వాలింది. ఆ సాయంత్రం అరుగు మీదికి సాయంత్రం సారు రాలేదు. రావలసిన పని లేదు.

"నువ్వు చెప్పావా?" అని అడిగింది భార్య.

"చెప్పాను."

"మరి?"

"రాయమనలేదు."

ఆమె ఎసట్లో బియ్యం వేసినట్టు నెమ్మదిగా ఆ మాటని లోపలికి వేసుకుంది. తన చేత్తో పెట్టిన అన్నమే కొడుక్కి అడ్డం వచ్చిందని ఆమెకి అర్థమైంది. తర్వాత ఎన్ని రోజులు గడిచినా ఆ సంగతి ఆమె ఎత్తలేదు. బడికి వెళ్ళి వండడమూ మానలేదు.

వాగు ఎండేలోగా పోలీసులొచ్చారు. ఎవరు చెప్పారో తెలియదు. ఊళ్ళో మీసాలొచ్చిన మగపిల్లలందర్నీ ఎక్కించుకుని పోయారు. దర్జీనీ తీసుకెళ్ళారు. స్టేషను ఆవరణలో ఎండలో మోకాళ్ళ మీద కూచోబెట్టారు. నీళ్ళడిగిన కుర్రాడికి బూటు కాలు చూపించారు. ఎవరి మీదా కేసు లేదు. ఎందుకు తెచ్చారని అడిగితే, అడిగినందుకు కొట్టారు.

ఒక పోలీసాయన కాగితం చూసి దర్జీ ముందు నిలబడ్డాడు. "సర్కారు పంతులువి. సర్కారు జీతం తింటూ కొడుకుని కొండకి తోలావా?"

"నేను దర్జీనండి."

చెంప మీద పడింది. "ఇందులో పంతులని ఉంది. నువ్వు చెప్పేది నమ్మాలా, ఇది నమ్మాలా?"

ఇన్నేళ్ళ ఆ పంతులు జీతం ఎవరు తిన్నారో ఆ ఆవరణలో ఎవరూ అడగలేదు. వదిలేశాక దర్జీ కుంటుకుంటూ ఇల్లు చేరాడు. నీళ్ళడిగిన కుర్రాడు మాత్రం ఇల్లు చేరలేదు. వాడు ఎప్పుడూ అరుగెక్కినవాడు కాదు. చదువంటే పారిపోయేవాడు. స్టేషను గేటు దగ్గర్నించే కొండ దారి పట్టాడు. వాణ్ణి ఎవరూ పిలవక్కర్లేకపోయింది.

ఎండలు ముదిరిన రోజుల్లో రోడ్డు మలుపులో మందుపాతర పేలింది. పోలీసుల బండి కోసం పెట్టారు. పోలీసుల బండి ఆ రోజు ఆలస్యమైంది. ముందు వచ్చింది తనిఖీ ఆఫీసరు జీపు. లావుపాటి డ్రైవరు అక్కడికక్కడే పోయాడు. ఆఫీసరుకి కాలు నుజ్జయింది. ఆ మలుపు దగ్గర రోడ్డు మీద బిళ్ళలు చెల్లాచెదురుగా పడి ఉన్నాయని, కట్టెలకి వెళ్ళొచ్చిన ఆడవాళ్ళు చెప్పారు.

వారం తిరక్కుండానే కొండ మీద కాల్పులు జరిగాయి. దర్జీకి కబురొచ్చింది. ఆసుపత్రి వెనక గదిలో పోలీసులు గుడ్డ తొలగించి కొడుకుని చూపించారు. మందుపాతర పెట్టినవాళ్ళలో వీడొకడని చెప్పారు. దర్జీ వాడి కుడిచెయ్యి పట్టుకుని చూశాడు. చూపుడువేలి మీద సూదిపోట్లు ఇంకా మానలేదు. కొండ మీద కూడా ఎవరివో చిరుగులు కుడుతున్నట్టున్నాడు.

అంతా అయిపోయాక ఒకరోజు దర్జీ ఇంటికి సాయంత్రం సారు వచ్చాడు. అరుగు కింద చెప్పులు విడిచాడు.

"మీ అబ్బాయి త్యాగం వృథా పోదు," అన్నాడు.

"ఆ డ్రైవరు ఏం చేశాడు సారూ?"

"అది పొరపాటు. జరగాల్సింది కాదు."

"ఆఫీసులో కూడా ఇదే మాట చెప్తారండి."

సాయంత్రం సారు తల దించుకున్నాడు. ఆయన ఇంకా సన్నబడ్డాడు. దర్జీ లేచి నిలబడ్డాడు. లోపల్నించి భార్య, పక్కిళ్ళ ఆడవాళ్ళు ఒక్కరొక్కరే వచ్చి దర్జీ వెనక చేరారు.

"నా కొడుక్కి చదువు చెప్పారు. నేను చెప్పలేకపోయింది మీరు చెప్పారు. దానికి దణ్ణం పెడతాను," అన్నాడు దర్జీ, నిజంగానే చేతులు జోడించి. "ఇంక మా పిల్లల అరుగెక్కకండి."

ఎవరూ అరవలేదు, రాయి తియ్యలేదు. ఆయన చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

వానలు మొదలయ్యే ముందు ఒక పొద్దున బస్సు దిగి, చేతికర్ర ఊతంతో ఆఫీసరు ఊళ్ళోకి నడిచి వచ్చాడు. ఆయన పక్కన ఒక అమ్మాయి ఉంది. కొత్త చీర, చేతిలో రేకు పెట్టె. ఆఫీసరు దర్జీ ఇంటి ముందు ఆగాడు.

"పంతులమ్మ," అన్నాడు. "ఇక్కడే ఉంటుంది. ఊళ్ళోనే."

దర్జీ మిషను మీద నుంచి లేవలేదు. లేవాలని తోచలేదు.

"రాశాను," అన్నాడు ఆఫీసరు. "ఆసుపత్రి మంచం మీదే రాశాను. మొదటి ఏడాది నుంచీ జరిగిందంతా. నా తప్పుతో సహా."

"మూసేస్తారన్నారు కదండీ?"

"ఇప్పుడు మూయరు. ఇప్పుడు ఈ ఊరొకటుందని వాళ్ళకి తెలిసింది."

దర్జీ చక్రం మీద చెయ్యి వేసి, తిరగకుండా పట్టుకున్నాడు. తెలియడానికి ఎంతయిందో ఇద్దరికీ తెలుసు. ఆ లెక్క ఇద్దరూ వెయ్యలేదు.

భార్య పీట వేసింది. ఆఫీసరు కాలు చాపుకుని కూచున్నాడు. పంతులమ్మ బడి వైపు వెళ్ళి, పిల్లల్ని పలకరించి వచ్చింది. ఆ మొహంలో సంతోషం దాగలేదు.

"పిల్లలు ఎంత బాగా చదువుతున్నారండీ. ఇంతకు ముందు వీళ్ళకి ఎవరు చెప్పారు?"

దర్జీ ఒళ్ళోని గుడ్డ మడత పెట్టాడు. ఆమె ఒకరి మొహం నుంచి ఒకరి మొహానికి చూసి, అడగరానిదేదో అడిగానని గ్రహించి, పమిట సర్దుకుంటూ కూచుంది.

"డ్రైవరు ఇంటికి వెళ్ళొచ్చాను," అన్నాడు ఆఫీసరు, చేతికర్ర వైపు చూస్తూ. "వాళ్ళావిడ నీ గురించి అడిగింది."

దర్జీ తల ఎత్తాడు. "ఏమన్నారు?"

"ఆయనకి ఇంకో బిడ్డ ఉన్నాడా అంది. లేడన్నాను." ఆయన ఆగాడు. "తర్వాత ఇంకేమీ అనలేదు. నాకు మంచినీళ్ళిచ్చి పంపించింది."

దర్జీ భార్య లోపలికి వెళ్ళింది. చాలాసేపు రాలేదు. గిన్నెల చప్పుడు కూడా లేదు. తర్వాత వచ్చి, అందరికీ ఒకేసారి కంచాలు పెట్టింది. అన్నం, పప్పు, కాస్త ఉల్లిపాయ. తనూ ఒక కంచం తెచ్చుకుని, మొగుడి పక్కన నేల మీద కూచుంది.

బయట సన్నగా వాన పట్టుకుంది. పంతులమ్మ ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. ఆఫీసరు మెల్లగా నములుతున్నాడు. దర్జీ కంచంలోకి చూస్తూ తిన్నాడు. భార్య ఒకసారి లేచి ఆఫీసరు కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది. ఆయన చాలనలేదు. మళ్ళీ వచ్చి కూచుంది. నలుగురూ తలలు వంచుకుని, చివరి మెతుకు దాకా తిన్నారు.